రాయికొక పుస్తకం, దీపానికొక పుస్తకం

మదనపల్లె దాటి కదిరి రోడ్డు పట్టుకుంటే రెండు పక్కలా టమోటా తోటలు, వాటి వెనక బండరాళ్ల గుట్టలు. అంగళ్లులో దిగి కురబలకోట మండలం పల్లెల్లోకి తిరిగేటప్పుడు ఎగువ రేగడకు దారి అడిగితే, జవాబు కంటే ముందు ఎదురు ప్రశ్న వస్తుంది: "సాయితేజ వాళ్ల ఊరికా?" 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర కొండల్లో కూలిన ఎంఐ-17 హెలికాప్టర్‌లో జనరల్ బిపిన్ రావత్ వెంట ఉన్న అంగరక్షకుల్లో లాన్స్ నాయక్ బి. సాయితేజ ఒకడు. అందులో ఉన్న 14 మందిలో 13 మంది ఆ రోజే పోయారు. మిగిలిన ఒక్కడు, గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్, వారం తర్వాత ఆస్పత్రిలో కన్నుమూశాడు. కాలిపోయిన దేహాలను డీఎన్ఏ పరీక్షతో పోల్చుకోవాల్సి వచ్చింది. డిసెంబరు 12న సాయితేజను సొంతూరికి తెచ్చి సైనిక లాంఛనాలతో మట్టి చేశారు.

సైన్యంలో పోయినవాళ్ల కోసం ఊరు తన సొంత డబ్బుతో ఏం కట్టుకుంటుంది, ఆ డబ్బు ఎవరి చేతుల మీదుగా పోగవుతుంది అని చూద్దామని బయలుదేరిన ప్రయాణం ఇది. పడమటి మిట్టల నుంచి మొదలుపెట్టి స్వర్ణముఖి ఒడ్డున ఏర్పేడు దాకా. ఏర్పేడును చివరికి ఉంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ ఒక మనిషి చందా పుస్తకం పట్టుకొని తిరుగుతున్నాడని ముందే విన్నాను.

అంగళ్లు టీ బంకు దగ్గర ఒక టమోటా రైతు నా ప్రశ్న విని కాసేపు ఆలోచించాడు. సాయితేజ కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు ఇచ్చిన సంగతి ఆయనకు తెలుసు. "అది ఇంటికి సామీ. ఇయ్యాల్సిందే, ఇచ్చినారు. ఊరికి ఏమి మిగలాల? ఊరు కూడా ఒక బిడ్డను పోగొట్టుకొనె గదా" అన్నాడు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. పరిహారం ఇచ్చాక ఇంక విగ్రహం ఎందుకని కొందరు, విగ్రహం పెడితే బాధ్యత తీరిందని ఇంకొందరు. నా మటుకు నాకు వరుస స్పష్టమే. ముందు ఇల్లు నిలబడాలి. పిల్లల చదువు, పెద్దవాళ్ల మందులు, భార్యకు ఆధారం. ఆ తర్వాతే రాయి. కానీ ఆ తర్వాత రాయి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఇంటి దుఃఖానికి ఇల్లు ఉంది, ఊరి దుఃఖానికి చోటు లేదు.

మదనపల్లె ఊళ్లో ఎక్కువసేపు ఆగలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు ఇక్కడి బీసెంట్ థియసాఫికల్ కాలేజీలో ఉండగా జనగణమనను ఇంగ్లిషులోకి మార్చింది, మార్గరెట్ కజిన్స్ సాయంతో దాని బాణీ ఒక రూపానికి వచ్చిందీ ఇక్కడే. జెండా కప్పిన పెట్టె ముందు ఈ జిల్లాల పిల్లలు పాడే పాటకు ఈ ఊరితో ఇంత చుట్టరికం ఉందని ఇక్కడి బడుల్లో ఇంకా గట్టిగా చెప్పాలి.

పుంగనూరు వైపు దిగుతుంటే నాకు పక్కన పొలాల్లో కనపడేవి వేరే స్మారకాలు. ఈ మిట్ట నేల మీద వైదుంబులు, బాణులు, నొలంబులు ఒకరి మీదికి ఒకరు దండెత్తిన కాలం నాటి వీరగల్లులు మదనపల్లె, పుంగనూరు ప్రాంతంలో చాలా దొరికాయి. సోరెమడి యుద్ధం పేరు అలాంటి రాళ్ల వల్లనే చరిత్రకు తెలిసింది. వాటిలో కొన్నింటిని చదివితే ఆశ్చర్యం వేస్తుంది. పోయినవాడి పేరు, ఎవరి తరఫున నిలబడ్డాడు, ఏ పోరులో పడ్డాడు, అతని వాళ్లకు ఏ భూమి ఇచ్చారు అన్నవన్నీ నాలుగైదు పంక్తుల్లో ఉంటాయి. రాజు కోసం పడినవాడికీ రాయి ఉంది, ఊరి పశువుల మందను దొంగల నుంచి విడిపిస్తూ పడినవాడికీ రాయి ఉంది. వెయ్యేళ్ల కిందటి ఆ పల్లెలు పరిహారాన్నీ స్మారకాన్నీ ఒకే రాతి మీద చెక్కించాయి. మనం ఈ రెండింటినీ వేరువేరు ఆఫీసులకు అప్పగించి మధ్యలో తేడా పడ్డామనిపిస్తుంది.

తెలుగునేల మీద ఈ పనిని ఆపకుండా చేస్తున్న చోటు పల్నాటి కారంపూడి. అక్కడి వీర్ల గుడిలో ఏటా కార్తీకంలో అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక పేరు. పన్నెండో శతాబ్దపు యుద్ధంలో పడినవాళ్ల కోసం ఆచారవంతులు ఇప్పటికీ వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకొని వస్తారు. ఏ ప్రభుత్వమూ ఆజ్ఞాపించి మొదలుపెట్టింది కాదు. రావాల్సిన ఇళ్లు ఉన్నాయి, తేవాల్సిన వస్తువులు ఉన్నాయి, అందుకే నిలిచింది.

దీనికి పూర్తిగా ఎదురైన ఉదాహరణ కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దేశమంతటా, మద్రాసు ప్రెసిడెన్సీతో సహా, సైనికులను పంపిన పల్లెల్లో ఇంగ్లిషు ప్రభుత్వం చలువరాతి పలకలు పెట్టించింది. ఈ ఊరి నుంచి 1914–1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, వాళ్లలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని మాత్రమే వాటి మీద ఉంటుంది. అంకె ఉంటుంది, పేరు ఉండదు. వెళ్లినవాడు రామయ్యో, షేక్ సాహెబో, చిన్నప్పో తెలియదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అంటారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది ఆ ఒక్క ఊరి నుంచే వెళ్లారని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. అంత పెద్ద అంకె విన్నప్పుడు గర్వం కలుగుతుంది, వెంటనే ఒక దిగులు కూడా. వెయ్యికి పైగా పేర్లలో ఇప్పుడు ఎన్ని నోటికి వస్తాయి?

అదే యుద్ధం తర్వాత ఫ్రాన్సులో జరిగింది వేరు. అక్కడ సుమారు 36,000 గ్రామాల్లో దాదాపు ప్రతి ఊరూ తన స్తంభం తానే నిలబెట్టుకుంది. ప్రభుత్వం 1919 చట్టంతో కొంత సాయం ఇచ్చింది, మిగతాది ఊరు చందా వేసుకుంది. ప్రతి స్తంభం మీదా పేర్లు. ఆస్ట్రేలియాలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. వాళ్ల సైనికులు స్వచ్ఛందంగా వెళ్లినవాళ్లు కాబట్టి, చాలా ఊళ్ల స్మారకాల మీద పోయినవాళ్ల పేర్లే కాకుండా వెళ్లి తిరిగొచ్చినవాళ్ల పేర్లు కూడా చెక్కించారు. ఊరి డబ్బు కాబట్టే ఊరి తీర్పు దాని మీద కనిపిస్తుంది.

చిత్తూరు చేరి, కాణిపాకం మీదుగా ఇరాల మండలం వెళ్లాను. రెడ్డివారిపల్లె హవల్దార్ చీకల ప్రవీణ్ కుమార్ రెడ్డిది. మద్రాస్ రెజిమెంట్ 18వ బెటాలియన్. 2020 నవంబరు 8న కశ్మీర్‌లో కుప్వారా జిల్లా మాచిల్ సెక్టారులో చొరబాటుదారులను అడ్డుకునే పోరులో పోయాడు. ఆ ఒక్క పోరులోనే కెప్టెన్ అశుతోష్ కుమార్, నిజామాబాద్ జిల్లా కోమన్‌పల్లికి చెందిన జవాను ర్యాడ మహేశ్, సరిహద్దు భద్రతా దళం కానిస్టేబుల్ సుదీప్ సర్కార్ కూడా పోయారు. బీహారు, త్రిపుర, తెలంగాణ, చిత్తూరు జిల్లా ఒకే మంచు కొండ మీద ఒకే రాత్రి. చెరుకు తోటల మధ్య నుంచి బస్సు పోతుంటే ఆ రెండు నేలల మధ్య దూరం మనసుకు అందలేదు.

కాణిపాకం ప్రమాణాల దేవుడు. ఈ చుట్టుపక్కల డబ్బు తగాదా వస్తే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అన్నదే చివరి మాట. స్మారకానికి చందా అంటే ముందుగా వచ్చే అనుమానం కూడా లెక్క గురించే. గుళ్ల పేరుతో, జాతరల పేరుతో, పండగ పందిళ్ల పేరుతో వసూలు చేసి లెక్క చెప్పనివాళ్లను ప్రతి ఊరూ చూసింది. అందుకే సైనికుడి పేరుతో వచ్చేవాడి మీద ఇంకా బరువు పడుతుంది. ఇరాలలో బస్సు కోసం కూర్చున్న ఒక మాజీ జవాను చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. వాళ్ల వైపు ఒక ఊళ్లో వారం వారం వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు బడి నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో రాసేవాళ్లట. పిల్లలు చదివి ఇంట్లో చెప్పేవాళ్లు. "పిలకాయలకు తెలిసిన లెక్క దాచలేము సార్" అన్నాడాయన.

తిరుపతికి ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన రోజు ఉంది. 1971 యుద్ధంలో మొదటి గూర్ఖా రైఫిల్స్ అయిదో బెటాలియన్‌ను నడిపి, దర్శన, ఝెనైదా పోరుల్లో చూపిన నాయకత్వానికి మహావీరచక్ర పొందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ తిరుపతివాడు. ఆ యుద్ధానికి యాభయ్యేళ్లయిన సందర్భంగా ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం దగ్గర వెలిగించిన విజయజ్వాలల్లో ఒకటి 2021 ఫిబ్రవరిలో ఆయన ఇంటికి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఆ ఇంటికే వెళ్లి, తొంభై దాటిన ఆ సైనికుడిని సత్కరించారు. పరమవీరచక్ర, మహావీరచక్ర వచ్చినవాళ్ల ఊళ్ల నుంచి పిడికెడు మట్టి తీసుకుపోయి ఢిల్లీ స్మారకంలో కలపడం ఆ కార్యక్రమంలో ఒక భాగం. బతికి ఉన్న సైనికుడి గుమ్మంలోకి జ్వాలే నడిచి రావడం మంచి ఆలోచన. మనం సాధారణంగా పోయాకే దండ పట్టుకొని వెళ్తాం.

ఢిల్లీ స్మారకం 2019 ఫిబ్రవరి 25న తెరిచారు. ఇండియా గేట్ పక్కన 40 ఎకరాలు, గ్రానైట్ ఇటుకల మీద అప్పటికి 25,942 పేర్లు. స్వతంత్రం వచ్చాక డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది దేశానికి తన సైనికుల పేర్లన్నీ ఒక చోట రాసుకోవడానికి. అది ప్రభుత్వ ఖర్చుతో కట్టింది, అలాగే ఉండాలి కూడా. అయితే రాయలసీమ పల్లె నుంచి ఢిల్లీ వెళ్లి కొడుకు పేరు మీద వేలు ఆనించగల తల్లులు ఎంతమంది? 2023 ఆగస్టులో 'నా భూమి నా దేశం' పేరుతో పంచాయతీల్లో శిలాఫలకాలు పెట్టారు, దేశమంతా కలిపి రెండు లక్షలకు పైగా. పల్లె దాకా రావడం బాగానే ఉంది. అయినా ఒకే నమూనాలో, ఒకే నెలలో, పైనుంచి వచ్చిన ఉత్తర్వుతో లేచిన పలకకూ, ఊరు ఏడాది పాటు తగువులాడుకొని, తిరిగి కలుసుకొని, పదీ పరకా పోగుచేసి లేపిన రాయికీ మధ్య తేడా నాకు ఈ దారి పొడవునా కనిపిస్తూ వచ్చింది.

రేణిగుంట నుంచి ఏర్పేడు చేరే ముందు పాపానాయుడుపేట వైపు తిరిగి గుడిమల్లం చూశాను. ఇది ఏర్పేడు మండలమే. పరశురామేశ్వరుడి గర్భగుడి నేల మట్టానికి కిందుగా ఉంటుంది. అయిదడుగుల లింగం మీద, వంగిన యక్షుడి భుజాలపై నిలబడి, చేత పొట్టేలు పట్టుకున్న శివుడు. క్రీస్తుకు ముందటి శిల్పమని చాలామంది పండితుల మాట. చూడటానికి వచ్చేవాళ్లందరూ ఆ లింగం కోసమే వస్తారు. నేను గోడల మీది శాసనాల కోసం వచ్చాను. పల్లవ, బాణ, చోళ కాలాల దానాలు. వీటిలో నన్ను పట్టుకున్నది దీపానికి ఇచ్చే దానం నడిచే తీరు. దీపస్తంభం ఇచ్చి చేతులు దులుపుకోరు. నూనెకో నెయ్యికో పొన్ను ఇచ్చి, ఆ పొన్ను ఊరి సభ దగ్గర ఉంచి, వచ్చే వడ్డీతో దీపం వెలగాలని రాస్తారు. చోళుల కాలంలో ఈ తొండైమండలమంతటా ఇంకొక పద్ధతి ఉండేది. ఒక నందాదీపానికి 90 లేదా 96 గొర్రెలు ఇస్తారు. కాపరి వాటిని తీసుకొని రోజూ కొలత ప్రకారం నెయ్యి గుడికి పోయాలి. చచ్చిన గొర్రె స్థానంలో మందలో పుట్టిన పిల్ల వచ్చి చేరుతుంది కాబట్టి లెక్క ఎప్పటికీ తగ్గదు. ఆ గొర్రెలను శాసనాలు చావనివి, ముదరనివి అంటాయి.

మన రోడ్ల పక్కన రంగు వెలిసిన విగ్రహాలు, మెడలో ఎండిపోయిన దండతో ఏడాదంతా నిలబడి ఉండే విగ్రహాలు గుర్తొచ్చాయి. ఆవిష్కరణకు పందిరి, మైకు, భోజనాలు అన్నిటికీ డబ్బు ఉంటుంది. మరుసటి ఏడు తుడిచే మనిషికి కూలి ఎవరిస్తారో ఎవరూ రాసుకోరు. గుడిమల్లం దాతలు రాసుకున్నారు.

ఏర్పేడు కూడలిలో రోడ్డు చీలుతుంది. ఒకటి కాళాస్తికి, ఇంకొకటి వెంకటగిరికి. ఐఐటీ, ఐసర్ వచ్చాక ఇక్కడ బస్సు దిగేవాళ్లలో వీపున బ్యాగు తగిలించుకున్న పిల్లలు ఎక్కువయ్యారు. అంతకు ముందు తరాలకు ఏర్పేడంటే వ్యాసాశ్రమం. మలయాళ స్వామి తిరుమల గోగర్భంలో పన్నెండేళ్లు తపస్సు చేసి, కిందికి దిగి 1926లో ఇక్కడ ఆశ్రమం పెట్టి, ఆడవాళ్లకూ అన్ని కులాలవాళ్లకూ సంస్కృతం, వేదాంతం చెప్పించారు. చేతిలో చిల్లిగవ్వ లేని సన్యాసి మొదలుపెట్టిన సంస్థ భక్తులు ఇచ్చిన దానితో నిలబడింది. అడగడం సిగ్గుపడే పని కాదని ఈ నేలకు తెలుసు. ఈ కూడలికి ఒక గాయం కూడా ఉంది. 2017 ఏప్రిల్‌లో, స్వర్ణముఖిలో ఇసుక తవ్వకాల మీద మొర పెట్టుకోవడానికి పోలీస్ స్టేషన్‌కు వచ్చిన మునగలపాలెం జనం మీదికి లారీ దూసుకొచ్చింది. వాళ్లు సైనికులు కారు. ఏటి కోసం వచ్చి పోయినవాళ్లు. ఈ రోడ్డు దాటేటప్పుడు వాళ్లను తలవకుండా పోలేను.

నేను వెతుక్కుంటూ వచ్చిన మనిషి స్టేషన్ రోడ్డులో టీ అంగడి దగ్గర కనిపించాడు. మద్రాస్ రెజిమెంట్‌లో నాయబ్ సుబేదారుగా రిటైరైన పెద్దాయన. ఇస్త్రీ మడతల చొక్కా, చంకలో ఎర్ర అట్ట పొడుగు పుస్తకం. తన పేరు, ఊరి పేరు రాయవద్దని ముందే షరతు పెట్టాడు. "స్తూపం లేచినాక రాయి నాయనా. ఇప్పుడే రాస్తే మాటలు మిగులుతాయి, రాయి లేవదు."

వాళ్ల ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో సైన్యంలో ఉండగా పోయినవాళ్ల పేర్లతో ఒక నల్లరాతి స్తూపం. రాయి చిత్తూరు జిల్లాలోనే దొరుకుతుంది, కూలి ఎక్కువ. పుస్తకం తెరిచి చూపించాడు. పది రూపాయలు, ఇరవై, యాభై, అక్కడక్కడా అయిదు వందలు. వేలిముద్రలు కూడా ఉన్నాయి. ఫోన్‌పేలో వచ్చినవి పచ్చ సిరాతో రాశాడు. పదికి తక్కువ తీసుకోడు, అయిదు వేలకు మించి తీసుకోడు.

"పైన హద్దు ఎందుకన్నా?"

"ఒక కాంట్రాక్టరు వచ్చినాడు. మొత్తం నేనే పెడతా, వాళ్ల నాయన పేరు కింద వేయండి అన్నాడు. మంచోడే ఆయప్ప. కానీ ఒకడే ఇస్తే అది ఆయప్ప రాయి అవుతాది. మా ఊరి రాయి కాదు. దాతల పేర్లు ఈ పుస్తకంలో, పోయినోళ్ల పేర్లు ఆ రాతి మీద. ఇది మారకూడదని రాసుకున్యాం."

వసూలు కంటే కష్టమైనది ఎవరి పేరు చెక్కాలన్నదే అని చెప్పాడు. యుద్ధంలో తూటా తగిలినవాళ్లే అమరులని కొందరు పట్టుబట్టారట. మరి మంచులో పోయినవాళ్లు? నంద్యాల వైపు పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో, మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్ స్థావరం మీద మంచు చరియ విరిగిపడినప్పుడు మరో తొమ్మిది మందితో పాటు పోయాడు. అక్కడ శత్రువు కనపడలేదు. సాయితేజ హెలికాప్టర్‌లో పోయాడు. "పంపించింది దేశం, పోయింది డ్యూటీలో. మంచు పట్టిందా, తూటా పట్టిందా అని అడిగేదానికి మనమెవురం?" ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు పెరిగింది. పక్క బల్ల మీది ఐఐటీ పిల్లలు తిరిగి చూశారు.

రెండో తగువు వరుస గురించి. పెద్ద ర్యాంకు పైన ఉండాలా? సుబేదారు పేరు కింద సిపాయి పేరా? ఈ ప్రశ్నకు అమెరికాలో దొరికిన జవాబు నేను చెప్పాను. వియత్నాం యుద్ధం నుంచి గాయాలతో తిరిగొచ్చిన జాన్ స్క్రగ్స్ అనే మాజీ సైనికుడు 1979లో కొందరిని కూడగట్టి ఒక నిధి మొదలుపెట్టాడు. ప్రభుత్వం స్థలం ఇచ్చింది, కట్టడానికి మాత్రం డబ్బు ప్రజల దగ్గరి నుంచే రావాలని వాళ్లే నిర్ణయించుకున్నారు. 2,75,000 మందికి పైగా ఇచ్చిన 84 లక్షల డాలర్లతో 1982 నవంబరులో వాషింగ్టన్‌లో ఆ నల్లరాతి గోడ లేచింది. ఇరవై ఒక్కేళ్ల విద్యార్థిని మాయా లిన్ గీసిన నమూనా. యాభై ఏడు వేలకు పైగా పేర్లు, ర్యాంకు లేకుండా, పోయిన తేదీ వరుసలో. జనరల్ అయినా మొన్న చేరిన కుర్రాడైనా ఒకే రోజు పోతే పక్కపక్కనే.

ఆయన గ్లాసు కింద పెట్టి నా చేతిలోని పెన్ను తీసుకున్నాడు. పుస్తకం చివరి పేజీలో 'తేదీ వరుస' అని రాసి కింద గీత కొట్టాడు. "కమిటీలో ఇది చెప్తా. అమెరికావోళ్లు చేసినారంటే మా సర్పంచు ఒప్పుకుంటాడు."

చోటు సంగతి అడిగాను. మొదట రోడ్డు పక్కన సెంటర్లో అనుకున్నారట. 2013 జనవరిలో సుప్రీంకోర్టు రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజలు వాడుకునే చోట్ల విగ్రహాలూ కట్టడాలూ అనుమతించవద్దని రాష్ట్రాలన్నింటికీ చెప్పింది. ఆ సంగతి తహసీల్దారు ఆఫీసులో తెలిసి, బడి ఆవరణలోకి మార్చుకున్నారు. "అదే మేలైంది నాయనా. సెంటర్లో పెట్టుంటే దండలేసేవోళ్లు వస్తారు. బడిలో అయితే పేర్లు చదివేవోళ్లు ఉంటారు."

అప్పుడు గుడిమల్లం గోడల సంగతి, చావని గొర్రెల సంగతి చెప్పాను. స్తూపానికి ఎంత పోగైతే అందులో కొంత బ్యాంకులో వేసి, వడ్డీతో తుడవడం, రంగు, దీపం, ఏటా ఒక రోజు కార్యక్రమం నడపమన్నాను. ఆయన గొర్రెల మాట దగ్గరే ఆగిపోయాడు. వాళ్ల ఊళ్లో ఒక కాపరి దగ్గర డబ్బు లేక గొర్రెపిల్లను ఇచ్చాడట. సంతలో అమ్మి ఆ మొత్తం అతని పేరు మీద రాశారు. "అమ్మకుండా ఉండాల్సింది" అని చాలాసేపు తల ఊపాడు.

బ్యాంకు మాట మాత్రం ఆయనకు నచ్చలేదు.

"డిపాజిట్టు వేస్తే రసీదు బీరువాలో పెడతాం. వడ్డీ దాని పాటికి అది వస్తాది. ఇంక ఎవురూ ఎవురింటికీ పోవాల్సిన పనుండదు. ఇప్పుడు నేను ఒక ఇంటికి పోతే ఏమి చేస్తా? పలానా వాళ్ల కొడుకు, పలానా సంవత్సరం, పలానా చోట పోయినాడు, పది రూపాయలియ్యమ్మా అంటా. ఆ ఇంట్లో పిలకాయలు ఇంటారు. డబ్బు సంగతి వదిలెయ్, అడిగేదానికి పోబట్టే గదా పేరు నోట్లో నుంచి వచ్చేది. బ్యాంకు అడగదు."

ఏటా వసూలు చేస్తానంటాడు. రాయికి ఒక పుస్తకం, అది లేచిన రోజుతో మూసేస్తారు. దీపానికి ఇంకొక పుస్తకం, అది మూసేది లేదు. దాంట్లో ఇంటికి పది రూపాయలే, ఎంత ఉన్నవాడైనా పదే. నేను వాదించాను. మనుషులు అలసిపోతారు, తర్వాతి తరం తిరగకపోవచ్చు, గుడిమల్లం సభ వడ్డీని నమ్మింది అందుకే అన్నాను. నాకు ఇప్పటికీ ఆ భయం ఉంది. ఆయన ఒప్పుకోలేదు. దేశమే ఏటా అడుగుతోంది కదా అన్నాడు. నిజమే. 1949 నుంచి ప్రతి డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం పేరుతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు, ఎన్‌సీసీ పిల్లలు చిన్న జెండాలు ఇచ్చి, పెట్టెలో వేసిందే పుచ్చుకుంటారు. సైనికుల వితంతువులకు, గాయపడినవాళ్లకు, పిల్లల చదువులకు పోయే నిధి అది. బడ్జెట్‌లో ఒక పంక్తి రాసి ఆ పెట్టెను ఆపేయవచ్చు. ఇన్నేళ్లయినా ఆపలేదు.

వెంకటగిరి బస్సు వచ్చే లోపల తన పని ముగించుకోవాలని ఆయనకు తొందర. నా పేరు రాసుకొని, చందా తీసుకొని, రసీదు చించి ఇచ్చాడు. తర్వాత అంగడి అబ్బాయిని పక్క షాపుకు పంపి కొత్త పుస్తకం ఒకటి తెప్పించాడు. నూరు పేజీలది చాలదని తిప్పి పంపి, రెండు నూర్లది తెమ్మన్నాడు. ఇంటికి ఒక పంక్తి చొప్పున ఎన్ని ఏళ్లకు సరిపోతుందో అక్కడే వేళ్ల మీద లెక్క కట్టి, మొదటి పేజీ పైన దీపం పుస్తకం అని రాసి, ఎడమ పక్కన మొదటి వసూలు తేదీ వేశాడు: డిసెంబరు 7.